నలభై రెండో రోజు

కార్తికం వచ్చిందంటే పరిగి నుంచి హిందూపురం పోయే బస్సుల్లో నల్లబట్టలు ఎక్కువవుతాయి. మల్బరీ తోటకు నీళ్లు కట్టే రైతు, తూముకుంట ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయే కుర్రాడు, బేల్దారి మేస్త్రి, ఆటో నడిపే ఆయన... మెడలో మాల పడగానే అందరూ స్వాములే. వాళ్లలో కొందరు మొన్నటి దాకా పొద్దుగూకితే ఇంటిదారి మరిచినవాళ్లు. కూలి డబ్బులో సగం దారిలోనే వదిలించుకుని, మిగిలిన సగం కోసం ఇంట్లో రభస చేసినవాళ్లు. మాల వేసుకున్నాక వాళ్లు చుక్క ముట్టరు. తెల్లవారకముందే లేచి చన్నీళ్లు పోసుకుంటారు. పిల్లల ఫీజు కట్టారా అని అడుగుతారు. "ఈ నలభై దినాలే నాకు సంసారం" అని ఇల్లాళ్లు అనే మాటలో వెటకారం కొంత, నిజం అంతకంటే ఎక్కువ.

శబరిమల వెళ్లి వస్తారు. మాల తీస్తారు. "ఏంరా, మాల తీసేస్తివి గదా, ఇంగేంది? దా" అని పిలిచే నోరు ప్రతి ఊళ్లోనూ ఒకటుంటుంది. ఇంతలో సంక్రాంతి వస్తుంది, చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి. వారం తిరక్కుండానే చాలామంది పాత చోటికి చేరతారు. ఊరు నవ్వుకుంటుంది. "దేవుడికి భయపడి మానాడు గానీ బుద్ధి తెచ్చుకుని మానలేదు" అని తీర్పు చెప్పి తన పనిలో పడుతుంది.

ఆ తీర్పులో తొందర ఉంది. నలభై ఒక్క రోజులు నిలబడ్డవాడికి పట్టుదల లేదని ఎలా అంటాం? ఆ నలభై ఒక్క రోజులూ అతనికి ఏం దొరికింది, నలభై రెండో రోజున ఏం పోయింది అన్నది కదా అడగవలసిన ప్రశ్న.

మాల పడిన రోజున ముందుగా మారేది ఊరి చూపు. నిన్నటి దాకా "ఒరేయ్" అన్న నోళ్లే "స్వామీ" అంటాయి. కన్నెస్వామికి ఒక గురుస్వామి ఉంటాడు. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఎక్కడ పడుకోవాలి అన్నీ ఆయన చెబుతాడు. రెండు పూటలా పూజ, సాయంత్రం భజన, తోటి స్వాముల సావాసం. మందు పుచ్చుకునే వేళకి చేతిలో తాళాలుంటాయి. పాత మిత్రులు ఎదురైనా తమతో రమ్మనరు, పాపం తగులుతుందని దూరం జరుగుతారు. పెళ్లిలోనో పుట్టినరోజు విందులోనో "ఒక్కటే, మాట కోసం" అని గ్లాసు చేతిలో పెట్టే సాహసం ఎవరూ చేయరు. ఇంట్లోవాళ్లు విడిగా వండిపెడతారు. ఇంతమంది ఒక్క మనిషి చుట్టూ దడి కట్టినట్టు నిలబడితే అతను నిలబడ్డాడు. మాల తీసిన రోజున పిలుపు మళ్లీ "ఒరేయ్" అవుతుంది, గురుస్వామి తన పని చూసుకుంటాడు, భజన ఆగిపోతుంది, సాయంత్రం ఖాళీ అవుతుంది. అన్నీ ఒక్క పూటలో తీసేసి, ఇక నీ నిగ్రహం చూపించు అంటున్నాం. హిందూపురంలో రంజాన్ నెలంతా మందు జోలికి పోని ముస్లిం కుటుంబాల మగవాళ్లలో కొందరికి పండగ వెళ్లిన మర్నాడు ఎదురయ్యే పరీక్షా ఇదే. మతం ఏదైనా మనిషి కష్టం ఒకటే.

తాగుడు అలవాటుగా మొదలై జబ్బుగా మారుతుంది. ఈ మాట వైద్యులు చాలాకాలంగా చెబుతున్నా మన మనసు ఒప్పుకోదు. "ఎవరు తాగమన్నారు?" అన్న ప్రశ్న అడ్డొస్తుంది. మొదటి గ్లాసు నిజంగా అతని ఇష్టమే. కానీ రోజూ అదే పనిగా పోస్తుంటే మెదడు దానికి సర్దుకుంటుంది. హాయినిచ్చే డోపమిన్ రసాయనం మందు పడితే తప్ప తగినంత ఊరదు. ఒక క్వార్టర్‌తో వచ్చిన మత్తుకి రెండు కావాలి, తరవాత మూడు. చివరికి మత్తు కోసం కూడా కాదు, మామూలుగా ఉండటానికే మందు అవసరమవుతుంది.

పట్టుపురుగుల షెడ్డులో దీన్ని కళ్లారా చూడవచ్చు. పురుగు మొత్తం జీవితంలో తినే ఆకులో ఎనభై శాతానికి పైగా చివరి దశలోనే, వారం పది రోజుల్లో తింటుంది. ఆ రోజుల్లో వేళకు మేత పడాలి, రాత్రి కూడా లేచి చూడాలి. ఆలస్యమైతే గూడు పలచబడుతుంది, హిందూపురం మార్కెట్లో ధర పడిపోతుంది. అటువంటి రోజున తెల్లవారి లేచిన మగమనిషి చేతులు వణుకుతుంటాయి. కొడవలి పట్టు దొరకదు. ఒళ్లంతా చెమట, కడుపులో తిప్పు. ఒక టెట్రా ప్యాకెట్ చింపి నోట్లో పోసుకుంటే పావుగంటలో చేతులు కుదురుకుంటాయి, మల్బరీ కొమ్మ కోయగలుగుతాడు. పక్కన నిలబడి చూసే భార్యకి అది పొగరులా కనిపిస్తుంది. అతనికి మాత్రం అది ఆ పూట పని చేయడానికి వేసుకున్న మందుబిళ్ల. జబ్బు అంటే ఇది. ఆ మనిషి చేసిన తప్పులకి ఇది సాకు కాదు, ఆ తప్పుల నుంచి అతన్ని బయటికి తీసే దారి ఎక్కడ మొదలవుతుందో చూపే గుర్తు మాత్రమే.

అందుకే మాన్పించడంలో మొదటి జాగ్రత్త ఒళ్లు గురించి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు, పురుగులు పాకుతున్నాయని ఒళ్లు దులుపుకుంటారు, జ్వరం, గుండెదడ. ఊళ్లలో దాన్ని గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. అది ప్రాణం తీయగల స్థితి. వైద్యుడి దగ్గరికి వెళితే వణుకు తగ్గించే మందులు లెక్క ప్రకారం ఇచ్చి, రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో గట్టెక్కిస్తారు. తాగుడుతో ఒంట్లో కరిగిపోయిన బి1 విటమిన్ ఎక్కిస్తారు. నీరసంగా ఉన్నాడని ముందుగా గ్లూకోజ్ బాటిల్ పెట్టించే అలవాటు మనకుంది. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు. మాల వేసుకోబోయే స్వామికి పొద్దున్నే చేతులు వణికే లక్షణం ఉంటే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆ తరవాత పీఠం దగ్గర కూర్చోబెట్టడం గురుస్వామి చేయగల గొప్ప సేవ.

ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో 2020 మనకు చూపించింది. మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు జనం బారులు తీరారు. మందు దొరక్క పిచ్చిగా ప్రవర్తిస్తున్న భర్తల్ని, కొడుకుల్ని ఇంట్లోవాళ్లు పట్టుకొచ్చారు. అదే ఏడాది జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో దుకాణాలు మూసిన రోజుల్లో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో బిచ్చమెత్తుకుని బతికేవాళ్లూ ఉన్నారు. గొంతు దిగకముందే తెలిసే ఘాటు అది. అయినా తాగారంటే, మానడం చేతకాక తాగారనో కొవ్వెక్కి తాగారనో అనగలమా?

తెలుగు నేల తాగుడు మీద పోరాడని నేలేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మతో పాటు అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ సెగ ఊరూరికీ పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతిలోకి వెళ్లాయి, ధరలు పెరిగాయి. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చాయి, తొంభై తొమ్మిది రూపాయల క్వార్టర్ వచ్చింది. పరిగికి ఇంకో చిక్కుంది. కర్ణాటకలో పుట్టిన జయమంగళి ఇక్కడ పెన్నలో కలుస్తుంది, సరిహద్దు అంత దగ్గర. ఇక్కడ ధర పెరిగిన ఏళ్లలో అక్కడి టెట్రా ప్యాకెట్లు బైకుల మీద, కూరగాయల బుట్టల్లో దాటివచ్చేవి. పట్టుబడ్డ పెట్టెల ఫొటోలు జిల్లా పేజీల్లో తరచూ కనిపించేవి.

దుకాణం తెరిచినా మూసినా, ధర పెంచినా దించినా ప్రతిసారీ పెద్ద చర్చ జరిగింది. ఖజానా లెక్కలు, ఓట్ల లెక్కలు వచ్చాయి. అప్పటికే జబ్బుపడిన మనిషి ఏ లెక్కలోనూ రాలేదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతా తిరిగి చేసిన సర్వే 2019లో వెలువడింది. మద్యం వల్ల వైద్యసాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్లు దేశంలో 5.7 కోట్ల మంది అని అది తేల్చింది. ఈ సమస్య జనాభాలో పది శాతం దాటిన కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంతకంటే కలవరపెట్టే అంకె మరొకటుంది. మద్యానికి పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. తక్కిన 37 మందికి అందింది తిట్లు, ఒట్లు, తాయెత్తులు.

ఇంకో ప్రమాదకరమైన వైద్యమూ ఉంది. "మనిషికి తెలియకుండా తాగుడు మాన్పిస్తాం" అని గోడల మీద రాసిన రాతలు చూస్తూనే ఉంటాం. కూరలోనో కాఫీలోనో కలిపిపెట్టే పొడి ఇస్తారు. డైసల్ఫిరామ్ అనే మందు ఒకటుంది. అది వేసుకున్నవాడు మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. 1940లలో డెన్మార్క్‌లో దీని గుణం బయటపడింది. రోగికి అన్నీ చెప్పి, ఒప్పించి, గుండె, కాలేయం పరీక్షించి వైద్యుడు ఇస్తే అది పనికొచ్చే మందే. చెప్పకుండా కలిపితే, తాగి పడిపోయినవాడికి ఏమైందో ఆసుపత్రిలో డాక్టరుకీ అర్థం కాదు. ప్రాణం పోకపోయినా, తినే అన్నం మీద, పెట్టే చేతి మీద అతనికి నమ్మకం పోతుంది. భార్య చేతి అన్నాన్ని అనుమానించేవాడిని ఇంకెవరు మాన్పించగలరు? కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, ఎకాంప్రొసేట్ వంటి మందులు కూడా ఇప్పుడున్నాయి. ఏది ఎవరికి సరిపడుతుందో చెప్పవలసింది డాక్టరే, మెడికల్ షాపు కుర్రాడు కాదు.

సాయం మరీ దూరంలో లేదు. ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. హిందూపురం నుంచి సుమారు వంద కిలోమీటర్లు పోతే బెంగళూరు నిమ్హాన్స్ ఉంది. వ్యసనాల చికిత్సకు దేశంలోనే పేరున్న విభాగం అక్కడుంది, ఈ ప్రాంతం వాళ్లకి భాషా ఇబ్బంది కూడా ఉండదు. ఇల్లు కదలలేనివాళ్లకి టెలీ మానస్ 14416, వ్యసన విముక్తి సహాయవాణి 14446 ఉన్నాయి. డబ్బు తీసుకోరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స అడగడం రోగి హక్కు. రోగిని గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది. డీ-అడిక్షన్ సెంటర్ బోర్డు పెట్టి కొట్టి మాన్పించే చోటికి మనిషిని అప్పగించేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. లోపల ఎవరు వైద్యం చేస్తారు, ఇంట్లోవాళ్లని చూడనిస్తారా అని అడిగితే సగం గుట్టు తెలుస్తుంది.

ఆసుపత్రి పది రోజుల పని చేస్తుంది. ఆ తరవాతి రెండేళ్లు ఊరివి. ఇది తెలిసి పనిచేసినవాళ్లు మన ఇరుగుపొరుగునే ఉన్నారు. తమిళనాట శాంతి రంగనాథన్ గారి భర్త 1979లో తాగుడు వల్ల చనిపోయారు. మరుసటి ఏడు, 1980లో, ఆమె చెన్నైలో టీటీ రంగనాథన్ పేరిట చికిత్సా సంస్థ ప్రారంభించారు. పట్నం ఆసుపత్రికి రాలేనివాళ్ల కోసం ఆ సంస్థ తంజావూరు వైపు మంజక్కుడి వంటి పల్లెల్లో శిబిరాలు పెట్టింది. ఊళ్లోనే చికిత్స, ఊరి పెద్దల అండ, ఆ తరవాత నెలల తరబడి పలకరింపు. కర్ణాటకలో ధర్మస్థల గ్రామాభివృద్ధి పథకం వాళ్లు ఊరూరా మద్యవర్జన శిబిరాలు నడుపుతారు. కల్యాణ మంటపంలోనో బడిలోనో ఎనిమిది రోజులు. పొద్దున వ్యాయామం, వైద్యుడి పరీక్ష, మాటలు, భజన, చివరి రోజుల్లో కుటుంబాన్ని పిలిచి ఎదురెదురుగా కూర్చోబెట్టడం. శిబిరం ముగిశాక మానినవాళ్లంతా నవజీవన సమితిగా కలుస్తూ ఉంటారు. నలభై రెండో రోజుని ముందే ఊహించి వేసిన కంచె ఆ సమితి. పావగడ, మధుగిరి, గౌరిబిదనూరు మనకు పక్క తాలూకాలే. అక్కడి పద్ధతి చూసి రావడానికి పూట పట్టదు.

ఇంకా పాత దారి ఒకటుంది. 1935 జూన్‌లో అమెరికాలోని ఆక్రన్ పట్నంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు, ఇద్దరూ తాగుడు పాలబడ్డవాళ్లే, ఒకరి కష్టం ఒకరితో చెప్పుకుని నిలబడ్డారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు, ఉపన్యాసం ఇవ్వరు. ఈ రోజుకి తాగను, రేపటి సంగతి రేపు అనుకుంటారు. తాగుబోతు మాట తాగుబోతుకే అర్థమవుతుందన్నది వాళ్ల నమ్మకం. 1951లో ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ వచ్చింది. తాగేవాడితో పాటు జబ్బుపడేది ఇల్లంతా అని గ్రహించినవాళ్లు పెట్టిన సంఘం అది.

ఆ ఇల్లాలి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆమె ఏళ్ల తరబడి రెండు పనులు చేస్తూ వచ్చింది. ఒకటి తిట్టడం, రెండు కప్పిపెట్టడం. మేస్త్రికి ఫోన్ చేసి "జరమొచ్చిందన్నా, ఈ పొద్దు రాలేడు" అని అబద్ధమాడింది. అంగడిలో అప్పు తీర్చింది. పరువు కోసం చేసింది, ఆమెని తప్పుపట్టలేం. కానీ తాగుడు తెచ్చే నష్టం తాగినవాడికి తగలకుండా అడ్డం పడుతున్నంత కాలం మానవలసిన అవసరం అతనికి కనిపించదు. మత్తులో ఉన్నప్పుడు వాదం పెట్టుకోకుండా పొద్దున తెలివిగా ఉన్నప్పుడు, పిల్లల ఎదుట కాకుండా, ఒక్క మాట చెప్పాలి. "నీ అప్పు నేను కట్టను, ఆసుపత్రికి వస్తానంటే చార్జీలు నేను పెట్టుకుంటా." కోపం లేని ఆ మాటకి ఉన్న బలం పెద్ద గొడవకి లేదు. చేయి చేసుకునేవాడి విషయంలో ఓపిక పట్టమని మాత్రం ఎవరూ సలహా ఇవ్వకూడదు. అండగా నిలవడం వేరు, దెబ్బలు తినడం వేరు. 181కో 112కో ఫోన్ చేయడం, పుట్టింటికి వెళ్లడం ఆమె హక్కు. తాగుడు జబ్బే అయినా కొట్టడం నేరమే.

మానినవాడు మళ్లీ జారతాడు. అందరూ కాదు, కానీ చాలామంది. వ్యసనాల నుంచి బయటపడ్డవాళ్లలో నూటికి నలభై నుంచి అరవై మంది దాకా ఎప్పుడో ఒకసారి తిరిగి ముడతారని అమెరికా వైద్యుల అంచనా. బీపీ, ఉబ్బసం రోగులు మందులు వదిలేసి మళ్లీ మంచాన పడటం కూడా దాదాపు అంతే ఉంటుందని వాళ్లే చెప్పారు. షుగర్ ఉన్న పెద్దాయన పెళ్లిలో రెండు లడ్డూలు తింటే "ఇక లాభం లేదు" అని వైద్యం మానిపించం. మందు మోతాదు మార్చి, నడవమని చెప్పి, మళ్లీ మొదలుపెడతాం. తాగుడు మాని జారినవాడికి కూడా అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. ఎక్కడ జారాడో చూసుకోవాలి. ఆకలి వేసినప్పుడా, కోపం వచ్చినప్పుడా, ఒంటరిగా ఉన్నప్పుడా, అలసిపోయినప్పుడా? పట్టుగూళ్లు అమ్మి డబ్బు చేతిలో పడ్డ రోజునా? ఆ రోజు తోడుగా మార్కెట్‌కి ఇంకొకరు వెళ్లడం, అతని ఒప్పుదలతోనే డబ్బు భార్య ఖాతాలో వేయించడం, వచ్చే దారి మార్చడం... ఇటువంటి చిన్న ఏర్పాట్లు ఎన్ని ఒట్లు వేయించినా ఇవ్వని రక్షణ ఇస్తాయి. ఒట్టు తప్పినవాడు సిగ్గుతో ఇంకో గ్లాసు తాగుతాడు. ఏర్పాటు తప్పితే దాన్ని సరిచేసుకోవచ్చు.

పరిగి వంటి మండలంలో ఈ పని చేయడానికి కొత్తగా మనుషుల్ని తేనక్కర్లేదు. ఊరూరా గురుస్వాములున్నారు. మాల తీసిన తరవాత కూడా శనివారం సాయంత్రం భజన ఆపకుండా, మానాలనుకునేవాళ్లందరినీ కూర్చోబెడితే అదే ఒక సమితి. పొదుపు సంఘాలున్నాయి. మూడు దశాబ్దాల క్రితం సారా అంగళ్లు మూయించిన తరం ఆడవాళ్ల కూతుళ్లు, కోడళ్లే వాటిలో ఉన్నారు. అంగడి మీదికి వెళ్లిన ఆ తెగువలో కొంత, మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లే పనికీ వస్తుంది. ఆశా కార్యకర్త షుగర్, బీపీ అడిగినట్టే తాగుడు గురించి కూడా గుచ్చకుండా అడగవచ్చు. వారం రోజులు చికిత్సకు వెళ్లొచ్చిన కూలీకి, డ్రైవరుకి, మగ్గం మీద కూర్చునే నేతన్నకి పని ఉంచడం యజమాని చేయగల సాయం. పని లేని మధ్యాహ్నం మానినవాడికి గండం. పెళ్లిళ్లలో మందు ఏర్పాటు చేసే పెద్దమనుషులు, తాగనన్నవాడిని ఒకసారి అడిగి వదిలేస్తే చాలు.

ప్రభుత్వం వంతు కూడా ఉంది. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో 1980ల్లోనే నిమ్హాన్స్ వైద్యులు ఒక దారి చూపించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకి, సిబ్బందికి శిక్షణ ఇస్తే మానసిక వైద్యం పల్లె దాకా తేవచ్చని నిరూపించారు. దాన్ని ఆదర్శంగా తీసుకునే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. బళ్లారిలో కుదిరింది పరిగిలో కుదరకపోవడానికి కారణం లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజు, ఏ రోజో అందరికీ తెలిసేలా, తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం కేటాయించాలి. బయట బోర్డు మీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాయనక్కర్లేదు, మామూలు ఓపీ చీటీ చాలు, సిగ్గుపడేవాడు అప్పుడే లోపలికి వస్తాడు. వైద్యుడితో పాటు ఒక కౌన్సెలరు, ఇంటికి వెళ్లిన రోగిని నెలకోసారి ఫోన్ చేసి పలకరించే ఒక మనిషి ఉండాలి. మద్యం మీద వచ్చే రాబడిలో దీనికయ్యే ఖర్చు లెక్కలోకి రానంత చిన్నది.

మన ఇంట్లోనో, పక్కింట్లోనో, పనిచేసే చోటో మానాలని తిప్పలు పడుతున్న మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఎన్నాళ్లయింది మాని అని లెక్క అడగకండి, మళ్లీ ఎప్పుడు మొదలెడతాడో అని పందెం కాయకండి. ఈ సాయంత్రం అతను ఏం చేస్తున్నాడో కనుక్కుని, కుదిరితే కాసేపు తోడు వెళ్లండి. వైద్యం కావాలంటే 14446కి మీరే ఫోన్ కలిపి అతని చేతికివ్వండి.